ఇంటి దగ్గరే ఆఫ్‌రోడ్: నక్షాలో మిగిలిన బండ్ల బాటలు

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే రకం. "అన్నా, థార్ తీసుకున్నా. హైదరాబాద్ చుట్టుపక్కల ఆఫ్‌రోడ్‌కి మంచి ట్రయల్ ఉంటే లొకేషన్ పంపవా?" నేను పంపను. పంపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి. వచ్చే ఆదివారానికి అక్కడ నలభై బండ్లు, నాలుగు డ్రోన్లు, ఎక్కడ చూసినా బిర్యానీ డబ్బాలు. సోమవారం పొద్దున్నే పక్క పొలం రైతు బాటకి అడ్డంగా ముళ్లకంప వేస్తాడు. వేయాలి కూడా.

కాకపోతే లొకేషన్ కన్నా పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. అదే ఈ రోజు ఎపిసోడ్. అమెరికాలో, ఆస్ట్రేలియాలో లాగా మన దగ్గర ట్రయల్ అని బోర్డు పెట్టి, నంబర్ ఇచ్చి, మ్యాప్ అమ్మే పద్ధతి లేదు. మన దగ్గర ఆఫ్‌రోడ్ ట్రయల్ అంటే ఏంటంటే, ఒకప్పటి రోడ్డు. ఒకప్పుడు మనుషులు, ఎద్దులు, బండ్లు నడిచి, తర్వాత తారు రోడ్డు పక్కనుంచి పోవడంతో వదిలేసిన బాట. కాబట్టి ట్రయల్ వెతకడం అంటే చరిత్ర వెతకడమే. ఇది డైలాగ్ కోసం చెప్పట్లేదు, నిజంగా పని అలాగే జరుగుతుంది. చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు మాటలు. తెలంగాణలో బండ్ల బాట అంటాం. గుంటూరు, కృష్ణా వైపు డొంక అంటారు. గుంటూరు టౌన్‌లో ఇప్పటికీ డొంక రోడ్డు అనే పేరుంది. అక్కడ డొంకా లేదు, బండీ లేదు, పేరొక్కటే మిగిలింది. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. రాయలసీమలో రస్తా. గోదావరి వాళ్లకి పుంత ఎంత ముఖ్యమంటే దానికో కాపలా దేవత కూడా ఉంది, పుంతలో ముసలమ్మ. ఊరి బయట బండ్లు పోయే దారిలో కూర్చుని, వచ్చేపోయే వాళ్లని చూసుకునే తల్లి. నాకు ఆ పేరంటే చాలా ఇష్టం. మన వాళ్లు దారికి గుడి కట్టారు, టోల్ గేట్ కట్టలేదు.

ఇప్పుడు ఒక నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోదాం. పదిహేడో శతాబ్దం, గోల్కొండ. అప్పట్లో ఈ ప్రాంతంలో ఉన్న పెద్ద హైవే ఏదంటే గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి. ఈ రోజు ఎన్‌హెచ్ 65 పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది కదా, దానికి ముత్తాత అనుకోండి. వజ్రాలు, కలంకారీ బట్టలు, ఉక్కు అటు పోయేవి. ఇటు గుర్రాలు, విదేశీ సరుకు వచ్చేవి. ఈ దారి గుర్తులు సిటీలోనే ఉన్నాయి. గోల్కొండ పక్కన కార్వాన్ ఉంది చూడండి, అది ఆటో వాళ్లు చెప్పే ఏరియా పేరు కాదు, నిజంగా బిడారులు దిగిన చోటు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల సరాయి రెండంతస్తులది ఇప్పటికీ నిలబడి ఉంది. తూర్పు వైపు హయత్‌నగర్, హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిన ఊరు. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరుస ఇప్పటికీ కనిపిస్తుంది. ఎల్‌బీ నగర్ ట్రాఫిక్ దాటి విజయవాడ వైపు పోయేవాళ్లలో ఎంతమంది అక్కడ ఆగి చూశారో చెప్పండి.

ఈ దారుల మీద తిరిగిన వాళ్లలో ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి ఒకడున్నాడు, జాన్ బాప్టిస్ట్ టావెర్నియే. అతని ప్రయాణాల పుస్తకం 1676లో వచ్చింది. అందులో వజ్రాల సంగతి అందరూ చెప్తారు. నాకు నచ్చింది ట్రాఫిక్ జామ్ సంగతి. పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకే గుంపుగా, వీపు మీద ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు వేసుకుని పోతుంటే చూడటం ఒక వింత అంటాడు. ఇరుకు దారిలో ఆ గుంపు ఎదురైతే బండిలో పోయేవాడు అవి దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. రెండు మూడు రోజులు! మనం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలకే హారన్ అరిగిపోయేలా కొడతాం.

ఆ ఎద్దుల గుంపుల్ని నడిపింది ఎవరు? బంజారాలు, మన లంబాడీలు. వాళ్ల తండాలు అప్పట్లో నడిచే ఊళ్లు. పిల్లాజెల్లా అందరూ గుంపుతోనే. సైన్యాలకి తిండి మోసింది వాళ్లే, కరువు చోటికి ధాన్యం తెచ్చింది వాళ్లే. ఇక్కడ ఆఫ్‌రోడింగ్ వాళ్లకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. ఎద్దు వీపు మీద బరువుతో నడిచే దారి వేరు, బండి నడిచే దారి వేరు. ఎద్దు గుట్ట ఎక్కుతుంది, బండలు దాటుతుంది. బండికి మాత్రం వెడల్పు కావాలి, వాలు తక్కువ ఉండాలి, వాగు దాటేచోట గట్టి అడుగు ఉండాలి. ఈ రెండో రకమే జీపుకి సరిపోతుంది. మొదటి రకంలో దూరారంటే కింద ఛాసిస్ తగిలి, ఫోన్ సిగ్నల్ లేని చోట ఇరుక్కుంటారు. పాత మ్యాపుల్లో ఈ తేడా గీసి పెట్టారు. ఆ మ్యాపులు ఎలా వచ్చాయో చూద్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పార్ట్ ఇదే.

కాలిన్ మెకంజీ పేరు వినే ఉంటారు. కైఫియత్తుల వల్ల తెలుగు వాళ్లకి బాగా తెలిసిన పేరు. చాలామంది ఆయన్ని చారిత్రక పత్రాలు పోగుచేసిన దొరగానే గుర్తుపెట్టుకుంటారు. కానీ ఆయన ఉద్యోగం సర్వే. 1790లలో నిజాం రాజ్యంలో తిరిగి కొలిచాడు. 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన కళ్లూ చెవులూ నోరూ అన్నీ మన తెలుగు వాళ్లే, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. పెద్దాయన బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయారు. తర్వాత ఆ పని లక్ష్మయ్య మోశారు. ఊరికెళ్లి కరణాన్ని కూర్చోబెట్టి "ఈ చెరువు ఎవరు కట్టారు, ఈ దారి ఎటు పోతుంది" అని అడిగి రాయించుకోవడం వాళ్ల పని. ఇప్పటి భాషలో ఫీల్డ్ రీసెర్చ్ అంటాం. నేను ఈ ఎపిసోడ్‌ల కోసం ఊళ్లలో చేసేది కూడా అదే, చేతిలో తాటాకు బదులు ఫోన్ ఉంది, అంతే తేడా.

అదే కాలంలో విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులో ఒక సరళరేఖ కొలవడం మొదలుపెట్టాడు. అదే తర్వాత గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వే అయింది. ఒక్క గీతని గొలుసుతో పక్కాగా కొలిచి, మిగతా దేశమంతా త్రిభుజాలతో లెక్కకట్టడం. బీటెక్ చేసినవాడికి ఎవరికైనా ఇది వినగానే ఒళ్లు పులకరిస్తుంది. త్రిభుజం కోణాలు కొలవాలంటే ఎత్తు కావాలి కాబట్టి గుట్టలెక్కాలి, మిషన్ పైకి మోయాలి, అడ్డమొచ్చిన చెట్లు కొట్టాలి. జార్జ్ ఎవరెస్ట్ ఈ పనిలో చేరింది ఎక్కడో తెలుసా? 1818లో, మన హైదరాబాద్‌లో. మొదట్లోనే కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో పని చేస్తూ జ్వరంతో పడిపోయి, కోలుకోవడానికి ఆఫ్రికా చివర కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సొచ్చింది. ప్రపంచంలో ఎత్తైన శిఖరానికి 1865లో ఆయన పేరు పెట్టారు. ఆయన్ని పడగొట్టింది మాత్రం మన తెలంగాణ దోమలు. లాంబ్టన్ కూడా 1823లో హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే దారిలో హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయాడు. సమాధి అక్కడే.

ఈ పునాది మీద వచ్చినవే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు. మొదట ఒక అంగుళానికి ఒక మైలు, తర్వాత మెట్రిక్‌లో 1:50,000. వీటి నంబరింగ్ చూస్తే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ముచ్చటేస్తుంది, ఫైల్ పాత్ లాగా ఉంటుంది. దేశాన్ని నాలుగు డిగ్రీల చదరాలుగా కోసి నంబర్లిచ్చారు. మనది 56. దాన్ని పదహారు ముక్కలు చేసి ఎ నుంచి పి దాకా అక్షరాలు. హైదరాబాద్ 56కె. ఆ ముక్కని మళ్లీ పదహారు చేస్తే ఒక్కో షీటు. సిటీ పాత భాగం 56కె/7లో, తూర్పు భాగం 56కె/11లో పడుతుంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు పోతే 56జి. ఒక్కో షీటు పావు డిగ్రీ, అంటే అటూ ఇటూ ఇరవై ఏడు కిలోమీటర్ల దాకా. ఒక ఆదివారానికి సరిపోయే సైజు, ఏదో మన కోసమే కోసినట్టు.

షీటులో పచ్చ రంగు అడవి, పసుపు సాగు భూమి, నీలం నీళ్లు, గోధుమ రంగు గీతలు ఎత్తు. ఎర్ర గీతలు దారులు. ఇక్కడే అసలు సరుకు ఉంది. పక్కా రోడ్డుకి ఒక గుర్తు, కచ్చా రోడ్డుకి ఒకటి, బండ్ల బాటకి ఒకటి, పశువుల మీద సరుకు మోసే దారికి ఒకటి, కాలిబాటకి ఒకటి. ఇందాక చెప్పిన ఎద్దు, బండి తేడా ఇదే. మీకు కావాల్సింది బండ్ల బాట గుర్తు. కాలిబాట చుక్కల గీత వెంబడి జీపు తోలొద్దు.

చాలా ఏళ్లు ఈ మ్యాపులు మామూలు జనానికి అందుబాటులో లేవు. రక్షణ కారణాలతో కట్టుదిట్టం. 2005లో జాతీయ మ్యాప్ విధానం వచ్చి, ప్రజల కోసం ఓపెన్ సిరీస్, సైన్యం కోసం వేరే సిరీస్ అని విడదీశారు. 2017లో నక్షే అనే పోర్టల్ పెట్టి ఆధార్‌తో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలిచ్చారు. 2021 ఫిబ్రవరిలో మ్యాపింగ్ మీద ఆంక్షలు ఇంకా సడలించారు. ఇంకో దారి కూడా ఉంది, ఇది తమాషాగా ఉంటుంది. 1950లలో అమెరికా సైన్యం మన దేశానికి 1:250,000 స్కేల్లో మ్యాపులు గీసుకుంది, యు502 సిరీస్ అంటారు. అవి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. అంటే మా వికారాబాద్ ఊళ్ల పాత బాటలు ఆస్టిన్ నుంచి డౌన్‌లోడ్ అవుతున్నాయి. ఆస్టిన్‌లో మన వాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకుంటే, ఆ బాటల పక్క ఇళ్లలో పుట్టిన వాళ్లు కూడా అక్కడే ఉండుంటారు.

టోపోషీటు దారి ఉందని చెప్తుంది. ఆ దారి ఎవరిదో చెప్పదు. దానికి గ్రామ నక్షా కావాలి. నిజాం కాలంలో సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత రెవెన్యూ సర్వే జరిగి, ఊరూరికీ సర్వే నంబర్లు, నక్షాలు వచ్చాయి. అప్పటి కొలత గొలుసు ముప్పై మూడు అడుగులు. ముప్పై మూడు అడుగుల చదరం ఒక గుంట, అంటే 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. ఈ రోజు వెంచర్ బ్రోచర్లో "33 ఫీట్ల రోడ్డు" అని చదువుతాం కదా, ఆ అంకె సరిగ్గా ఆ గొలుసు పొడవే. గొలుసు మాయమైంది, లెక్క మన నోట్లో ఉండిపోయింది. ఈ నక్షాలో సర్వే నంబర్ల మధ్య నుంచి పోయే బాట ఉంటే దాన్ని ఊళ్లో నక్షా బాట అంటారు. ఆ మాటకి చాలా బరువుంది. నక్షా బాట అంటే ఎవరి పట్టా కాదు, అందరిదీ. ఎవరైనా పొలం మీదుగా మర్యాదకి దారి ఇస్తే అది వేరు, రేపు వద్దనొచ్చు. నక్షా బాటని వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇక ఈ బాటలు ఎలా చచ్చిపోయాయి? మొదటి దెబ్బ రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు వచ్చింది, వికారాబాద్, తాండూరు మీదుగానే. దూరం పోయే ఎద్దుల గుంపులకి పని పోయింది. బంజారాలు తిరుగుడు ఆపి తండాలు కట్టుకుని కూర్చోవడం వెనక ఇదొక పెద్ద కారణం. వాళ్ల వ్యాపారాన్ని రైలు తినేసింది. రెండోది బస్సు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ ఇరవై ఏడు బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన ఆర్టీసీకి అదే మూలం. బస్సు పోయే రోడ్డు బాగుపడింది, పోని రోడ్డు అలాగే ఉండిపోయింది. అయినా ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి పొలానికి బండ్ల బాటలు మాత్రం బతికే ఉన్నాయి.

వాటి మీదకే వచ్చింది జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. మన దగ్గర 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. ఆ మొహమ్మద్, మాలిక్ గులాం మొహమ్మద్, విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అనే పొట్టి పేరు మార్చక్కర్లేకుండానే పని జరిగిపోయింది. 1947లో విల్లీస్ నుంచి విడిభాగాలుగా వచ్చిన మొదటి 75 బండ్లని ఇక్కడ బిగించారు. ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లు మన ఊళ్లలో జీపు అంటే షికారు కాదు. ప్రభుత్వం. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, మలేరియా మందు కొట్టే జీపు, ఎలక్షన్ పెట్టెలు తెచ్చే జీపు. ఊళ్లోకి జీపు వచ్చిందంటే పిల్లలు వెనక పరిగెత్తేవారు, పెద్దవాళ్లు కాస్త జంకేవారు. అవన్నీ నడిచింది ఎద్దుబండి చక్రాలు చేసిన గాడిలోనే. ఫోర్ వీల్ డ్రైవ్ అప్పుడు ఫీచర్ కాదు, అవసరం. 2010లో థార్, 2020లో కొత్త థార్ వచ్చాక అదే బండి వీకెండ్ సరదా అయింది.

2000 డిసెంబర్‌లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. బండ్ల బాటల్లో ముఖ్యమైనవి తారు రోడ్లయ్యాయి. దీని మీద నాకు ఏ బాధా లేదు. మా అమ్మమ్మ ఊరికి వానాకాలంలో అంబులెన్స్ పోవాలంటే తారు రోడ్డే కావాలి. ట్రయల్ పోయిందని ఏడ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. కానీ ఆ తర్వాత జరిగింది వేరు. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు వచ్చింది. భూమి ధర ఎకరాల్లోంచి గజాల్లోకి మారింది. తారు వేయని బాటలకి ఎవరూ దిక్కు లేరు. ఫామ్ ప్లాట్ వెంచర్ వస్తుంది, చుట్టూ ప్రీకాస్ట్ గోడ, మధ్యలో నక్షా బాట ఉంటే లోపల పడిపోతుంది.

పోయిన ఏడు వికారాబాద్ అవతల ఒక ఊరికి వెళ్లాం, పేరు చెప్పను. పాత షీటులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆరు కిలోమీటర్ల బండ్ల బాట ఉంది. రెండు కిలోమీటర్లు బ్రహ్మాండంగా పోయాం. రెండు పక్కలా సీతాఫలం చెట్లు, మధ్యలో చక్రాల గాడి అరిగిన బండ. తర్వాత గోడ. గోడ పక్కన మేకలు కాస్తున్న పెద్దాయన మా దగ్గరికొచ్చాడు. మా చేతిలో మ్యాప్ ప్రింట్లు చూసి అడిగాడు, "కొలుసుటానికి వచ్చిన్రా సారు?"

"కాదు తాతా, ఊరికే చూడటానికొచ్చినం. ఈ బాట అవతలికి పోతదా?"

"పోతుండె బిడ్డా. మా నాయిన ఈ బాట పొంటే తాండూరు గంజ్‌కు కందులు ఏసుకపోతుండె. ఇప్పుడు గోడ వెట్టిన్రు. నా రెండెకరాలు గోడ అవతల ఉన్నయి. ట్రాక్టర్ పోవాల్నంటే మూడు కిలోమీటర్లు తిరగాలె, అది గూడ పక్కోని చెల్క మీదికెల్లి. వాడు ఈ ఏడు ఊకున్నడు. వచ్చే ఏడు ఊకుంటడా?"

నేను ఆఫ్‌రోడ్ మ్యాపుల మీద చూసే కళ్లు అక్కడే మారిపోయాయి. మాకు ఆ గోడ అంటే ట్రయల్ కట్, యూటర్న్, అంతే. ఆయనకి రెండెకరాలు బీడు పడటం. దారి లేని పొలానికి ధర ఉండదు. చివరికి ఆ గోడ కట్టినవాళ్లకే చవగ్గా అమ్ముకోవాలి. బాట మూసేయడంలో ఉన్న లెక్క అదే.

ఆ రోజు మా దగ్గర ఉన్నవన్నీ ఆయన కొడుక్కి పంపించాం. పాత టోపోషీటు ఆ ముక్క, గూగుల్ ఎర్త్‌లో టైమ్ స్లైడర్ వెనక్కి జరిపితే కనిపించే పాత శాటిలైట్ ఫోటోలు. వాటిలో బాట తెల్లటి గీతలా స్పష్టంగా ఉంది. గోడ వచ్చిన ఏడాది నుంచి సగం దగ్గర తెగిపోయింది. వాళ్లు నక్షా నకలు తీసుకుని అర్జీ పెట్టారు. సర్వే కోసం ఇంకా చూస్తున్నారు. టోపోషీటు ఒక్కటే హక్కుకి రుజువు కాదని నేను వాళ్లకి ముందే చెప్పాను. షీటులో దారి చూపించినంత మాత్రాన నడిచే హక్కు ఉన్నట్టు కాదు. కానీ నక్షా, పాత ఫోటోలు, ఊళ్లో వృద్ధుల మాట అన్నీ ఒకే గీత మీద కలిస్తే కాదనడం కష్టం. కోడ్‌లో ఎవరు ఏ లైన్ ఎప్పుడు తీసేశారో చూసే టూల్ ఉంటుంది కదా, ఇది నేలకి అలాంటిది.

సరే, ఇప్పుడు మీ ఇంటి దగ్గర మీరు ఎలా వెతకాలి? మీ షీటు తీయండి. పక్కన గూగుల్ ఎర్త్ పెట్టుకోండి. షీటులో బండ్ల బాట ఉండి, ఇప్పటి ఫోటోలో తారు రోడ్డు కాకుండా, గోడలు రాకుండా, ఇంకా గీతలా కనిపించేవి గుర్తుపెట్టండి. నా అనుభవంలో పది బాటలు గుర్తుపెడితే రెండో మూడో మిగులుతాయి. అందులో ఆర్.ఎఫ్. అని రాసి ఉన్న పచ్చ భాగంలోకి పోయేవి కొట్టేయండి. అది రిజర్వ్ ఫారెస్ట్. 1967 అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. అనంతగిరి గుట్టలు ఎంత అందంగా ఉన్నా, మూసీ పుట్టింది అక్కడే అయినా, బండితో అడవిలోకి పోవడానికి అది సాకు కాదు. చెరువు శిఖం కూడా వద్దు. ఎండిన చెరువు రీల్స్‌లో బాగుంటుంది, కానీ వానొస్తే అది చెరువే. మీ టైర్లు తవ్విన చోట పశువులు కాళ్లు విరగ్గొట్టుకుంటాయి.

నేల గురించి రెండు మాటలు, ఇది ఎవరూ చెప్పరు. హైదరాబాద్ కింద, తూర్పు, దక్షిణాల్లో ఉన్నది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. దాని మీద ఎర్ర చెల్క, మొరం. వాన పడ్డా రెండు గంటల్లో నీరు ఇంకుతుంది, టైరుకి పట్టు దొరుకుతుంది. పడమర పోయే కొద్దీ, వికారాబాద్, జహీరాబాద్ వైపు, దక్కన్ లావా రాయి మొదలవుతుంది, ఆరున్నర కోట్ల ఏళ్ల క్రితంది. అది అరిగితే నల్లరేగడి. ఎండాకాలంలో సిమెంటులా ఉంటుంది. ఒక్క వాన పడితే టైర్ గాళ్లు నిండిపోయి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బండి కదలదు. అంతకన్నా ముఖ్యం, తడి రేగడిలో మీరు చేసిన గాడి ఎండితే రాయిలా గట్టిపడి ఏడాది ఉంటుంది. రైతు ట్రాక్టర్ దాంట్లో పడి లేవాలి. అందుకే మా రూలు సింపుల్, జూన్ నుంచి అక్టోబర్ దాకా తూర్పు, డిసెంబర్ నుంచి పడమర. పాత అమెరికా మ్యాపుల సూచికలో కూడా కొన్ని దారుల పక్కన పొడి వాతావరణంలో మాత్రమే అని రాసుంటుంది. అప్పటి సైన్యానికి తెలిసిన సంగతి మన ఇన్‌స్టా వాళ్లకి ఇంకా తెలియాలి.

బండితో పోయే ముందు ఒకసారి నడవండి, లేదంటే టూవీలర్ మీద పొండి. పొద్దున పూట పొండి, గొర్రెలు తోలుకుపోయే వాళ్లు అప్పుడే కనిపిస్తారు. గొల్లకురుమలకి తెలిసినంతగా ఈ బాటలు ఏ యాప్‌కీ తెలియవు. ఏ వాగు దగ్గర అడుగు గట్టిగా ఉందో, ఎవరు ఎక్కడ కంచె వేశారో, ఎవరితో గొడవ ఉందో వాళ్లే చెప్తారు. పొలం మీదుగా పోవాల్సొస్తే అడగండి, వద్దంటే తిరిగొచ్చేయండి. మూడు బండ్లకి మించి పోవద్దు. మాతో పాటు మీటర్ల లెక్కన బాట వెడల్పు రాసుకునే అలవాటు ఒకటి చేసుకున్నాం. ఎక్కడ గోడ వచ్చింది, ఎక్కడ ఆక్రమించి దున్నేశారు, ఏ తేదీన చూశాం, అన్నీ ఒక షీట్‌లో పెడుతున్నాం. ఇప్పటిదాకా 56జిలో నాలుగు షీట్లు, 56కెలో మూడు అయ్యాయి. మీ ఊరి పెద్దమనుషులు ఎవరైనా నక్షా పట్టుకుని అడిగితే ఆ ఊరి వరకు తీసి ఇస్తాం. లొకేషన్ పంపమని అడిగే థార్ తమ్ముళ్లకి మాత్రం మళ్లీ అదే జవాబు, షీటు నంబర్ చెప్తా, బాట మీరే వెతుక్కోండి.

వచ్చే ఎపిసోడ్‌లో గోదావరి వైపు పోతున్నాం, పుంతలు చూడటానికి. అక్కడ మా జీపు కన్నా నా స్నేహితుడి వాళ్ల నాన్నగారి పాత టీవీఎస్ యాభై ఎక్కువ పనికొచ్చింది, ఆ సంగతి అప్పుడు చెప్తాను.